మేకు

స్విచ్చు బోర్డు పక్కన ఒక మేకు.
రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకు పనికొచ్చే వాళ్ళంతా
మొదట దానికే మొక్కాల.

వాచీ, ఉంగరం, నా చున్నీ, ఎవరిదో తాయెత్తు
పొద్దున్నే ఎక్కుతాయి, పొద్దుగూకినాక దిగుతాయి.
చెంగల్రాయుడు తొలిరోజు అడ్డం తిరిగినాడు:
"కొండ మీద మా యమ్మ కట్టిన దారం, తియ్యను."
"సామికి నువ్వు తెలుసు నైనా,
బ్లేడుకు తెలీదు" అన్నాడు మొగిలాచారి.
కొయ్యలేదు. ముడి విప్పి మేకుకు తగిలించినాడు.
సాయంత్రం తనే మళ్ళీ కట్టినాడు.
ఆ పొద్దు నుంచి రోజూ అంతే.

గుండుతో ఎవరన్నా వస్తే నవ్వుతాడు,
"రాబ్బా, నీకొక భయం తగ్గించి పంపినాడు ఏడుకొండలోడు."
నా జడ చూసి నవ్వలేదు.
ముడేసి, తువ్వాలు చుట్టి, కొస లోపలికి దోపేదాకా
రంపం దగ్గరికి రానియ్యలేదు.

తొలి నెలంతా నా పని
పాత కర్రల మీద అయస్కాంతం తిప్పడం.
రోడ్డు వెడల్పులో కూలిన ఇండ్ల దూలాలు, దర్వాజాలు.
ఎవరో ఎప్పుడో పటం తగిలించుకున్న మేకు
లోపల తుప్పుపట్టి నిద్రపోతా ఉంటాది.
పగిలిన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం
టక్కుమని అంటుకుంటే
"దొరికినాడా దొంగ!"
దొరక్కపోతే వాడు బ్లేడు పన్ను ఊడబెరికి
నీ కన్ను వెతుక్కుంటా వస్తాడు.

ముక్కుకు గుడ్డ, కండ్లకు అద్దాలు సరే,
తిరిగే బ్లేడు ముందర చేతికి తొడుగు వద్దంటే
నాకు వారం దాకా మింగుడు పడలేదు.
"చర్మమైతే తెగతాది పాపా.
తొడుగైతే చేతినే పిలుచుకోని పోతాది."

రంపానికి ఎదురుగా కాదు, రవంత పక్కకు నిలబడాల.
చెక్కకు కోపమొస్తే గాడిద మాదిరి వెనక్కి తంతాది.
చివరి జానెడు తోపుడు కట్టెతోనే నెట్టాల.
ఆ కట్టె కొస నిండా గాట్లు.
మా వేళ్ళకు రాసిపెట్టినవన్నీ
అది తిని కూర్చుంది.

లాడ్జీకి నలభై మంచాలు, బ్రహ్మోత్సవాల లోపల.
రాత్రి తొమ్మిదైనా షెడ్డు మూయలేదు.
అప్పుడు కరెంటు పోయింది.
రంపం మూలిగి మూలిగి ఆగింది,
అంతసేపూ వినపడని రైలు కూత వినపడింది.
నేను గాలికని వాకిట్లోకొచ్చినాను.
సెల్లు వెలుతురులో చెంగల్రాయుడు
బ్లేడు సందున ఇరుక్కున్న పేడు
రెండు వేళ్ళతో లాగతా ఉండాడు.

మొగిలాచారి చూసినాడు.
అరవలేదు. పరిగెత్తలేదు.
పిల్లోడు ఉలిక్కిపడతాడని కాబోలు
చెవి మీద పెన్సిలు చెవి మీదుండగానే
మామూలుగా నడిచిపోయి ప్లగ్గు పెరికినాడు.

నాలుగు ఊపిర్లు అయినాయో లేదో
ఎదురు టీ కొట్లో ఫ్యాను తిరిగింది,
వీధి దీపాలొచ్చినాయి,
మూలనున్న గ్రైండింగు రాయి కూడా తిరిగింది.
రంపం ఒక్కటి కదల్లేదు.
చెంగల్రాయుడి వేళ్ళు ఇంకా లోపలే ఉండాయి.

ఎవరమూ మాట్లాడలేదు. టీ వచ్చింది. చల్లారింది.
ఆ రాత్రి ఇంకొక మంచం కోళ్ళు కోయాల్సింది, కోయలేదు.

చేతులు కడుక్కోని మేకు దగ్గరికి పోయినాం.
దారం తీసి, వాడి మణికట్టుకు చుట్టి,
ముడి వేయబోయినాడు మొగిలాచారి.
వెంట్రుకంత గీత మీద రంపం నడిపించే చేతులు.
ముడి పడలేదు.
ఇంకొకసారి వేసినాడు, జారింది.
"నువ్వు కట్టు పాపా" అన్నాడు, నా మొగం చూడకుండా.

కట్టినాను.
కరెంటు పోయినప్పుడు
స్విచ్చు ఆపకుండా వచ్చింది నేనేనని
ఆయనకు తెలుసు.